గట్టు దాటే కలుపు మందు: తప్పు గాలిదా, మనిషిదా?

వానాకాలం మధ్యలో పత్తి చేలో ఒక వింత మార్పు కనిపిస్తుంటుంది. లేత ఆకులు ఉన్నట్టుండి సన్నబడతాయి. ఈనెలు దగ్గరపడి, ఆకు బెండ ఆకులా వేళ్లు వేళ్లుగా చీలుతుంది. కొమ్మల చివర్లు మెలితిరుగుతాయి. పూత, గూడ రాలిపోతాయి. రైతు దీన్ని మొదట తెగులు అనుకుంటాడు, దుకాణానికి వెళ్లి ఏదో మందు తెచ్చి కొడతాడు. ఫలితం ఉండదు. అసలు కారణం చాలాసార్లు తన చేలో ఉండదు, గట్టుకు అవతల ఉంటుంది. పక్క వరి మడిలోనో, మొక్కజొన్న చేలోనో కొట్టిన 2,4-డి అనే కలుపు మందు గాలిలో కొట్టుకొచ్చి పత్తి మీద పడి ఉంటుంది.

చల్లిన మందు చల్లాల్సిన చోట కాక మరోచోట పడడాన్ని శాస్త్రవేత్తలు ‘స్ప్రే డ్రిఫ్ట్’ అంటారు. చూడడానికి ఇది ఇద్దరు రైతుల మధ్య తగవు. దాని వెనుక భౌతికశాస్త్రం, మొక్కల జీవశాస్త్రం, చట్టం మూడూ ఉన్నాయి.

వరికి మందు, పత్తికి విషం

మొక్క పెరుగుదలను నియంత్రించే సహజ హార్మోన్లలో ఆక్సిన్ ముఖ్యమైనది. 1940వ దశకంలో తయారైన 2,4-డి, ఆక్సిన్‌ను అనుకరించే కృత్రిమ రసాయనం. సహజమైన ఆక్సిన్ మోతాదు మించితే మొక్క దాన్ని త్వరగా విచ్ఛిన్నం చేసుకోగలదు. 2,4-డిని వెడల్పాకు మొక్కలు అంత తేలికగా వదిలించుకోలేవు. దాంతో కణాలు అదుపు లేకుండా పెరిగి, కాండం మెలితిరిగి, చివరకు మొక్క చనిపోతుంది. వరి, గోధుమ, మొక్కజొన్న, చెరకు వంటి గడ్డి జాతి పంటలు సిఫారసు చేసిన మోతాదును తట్టుకుంటాయి. అందుకే ఆ పంటల్లో వెడల్పాకు కలుపును చంపడానికి దీన్ని వాడతారు.

పత్తి కూడా వెడల్పాకు మొక్కే. పైగా పత్తి, ద్రాక్ష, టమాటా ఈ మందుకు అత్యంత సున్నితమైనవి. సిఫారసు మోతాదులో వందో వంతు పడినా పత్తి ఆకుల్లో తేడా కనిపిస్తుంది. కాలం కూడా కలిసిరాదు. వరి నాటిన మూడు, నాలుగు వారాలకు 2,4-డి కొడతారు. సరిగ్గా అప్పటికి పక్క చేలో పత్తి ఏపుగా పెరిగే దశలోనో, గూడ వేసే దశలోనో ఉంటుంది. నైరుతి గాలులు బలంగా వీచేదీ అప్పుడే.

బొట్టు సైజులోనే ఉంది కిటుకు

నాజిల్ నుంచి వచ్చే బొట్లన్నీ ఒకే సైజులో ఉండవు. వాటిని మైక్రాన్లలో కొలుస్తారు. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తుండగా మీటరు ఎత్తు నుంచి బొట్లు పడుతున్నాయనుకుందాం. 400 మైక్రాన్ల బొట్టు సెకను లోపే నేలను తాకుతుంది, మీటరు దూరం కూడా జరగదు. 100 మైక్రాన్ల బొట్టుకు సుమారు 4 సెకన్లు పడుతుంది, ఈలోగా అది 5 మీటర్లు జరుగుతుంది. 20 మైక్రాన్ల బొట్టు నిమిషానికి పైగా గాలిలోనే తేలుతూ 100 మీటర్లు దాటిపోతుంది. దారిలో నీరు ఆవిరైతే పెద్ద బొట్టు కూడా చిన్నదవుతుంది, ఇంకా దూరం పోతుంది.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. ఒక హెక్టారు చదరపు పొలానికి ఒక్కో పక్క 100 మీటర్లు. అంటే చిన్న బొట్టు పొరుగు రైతు గట్టును మాత్రమే కాదు, అతని పొలం మొత్తాన్నీ దాటగలదు.

బొట్టు వ్యాసం సగానికి తగ్గితే అదే మందు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువ బొట్లు వస్తాయి. నాజిల్ రంధ్రం చిన్నదైనా, పీడనం పెరిగినా జరిగేది ఇదే. పురుగు మందులకు వాడే కోన్ నాజిల్ సన్నటి తుంపర ఇస్తుంది. ఆకు అడుగున దాగిన పురుగుకు అది మంచిదే. కలుపు మందుకు మాత్రం ఫ్లాట్ ఫ్యాన్ లేదా ఫ్లడ్ జెట్ నాజిల్ కావాలి. అధిక పీడనంతో పనిచేసే పవర్ స్ప్రేయర్‌కు కోన్ నాజిల్ తగిలించి కలుపు మందు కొడితే, అది పొగమంచులా లేచి పోతుంది.

గాలి లేని వేళా ప్రమాదమే

గాలి ఆగిపోయాక కొడితే సరిపోతుందని చాలామంది నమ్మకం. ఇది పూర్తిగా నిజం కాదు. మబ్బు లేని సాయంత్రం పొద్దుగూకాక నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, పైన ఉన్న గాలి వెచ్చగా మారుతుంది. ఈ ఉష్ణోగ్రతా విలోమంలో గాలి పైకీ కిందికీ కలవదు. పొయ్యి పొగ పైకి పోకుండా ఊరి మీద అడ్డంగా పరుచుకునేది ఇలాంటి వేళల్లోనే. అప్పుడు కొట్టిన మందులోని సన్నటి బొట్లు గుంపుగా తేలుతూ, చిన్నపాటి గాలి కదలికకే ఎటో పోయి దిగుతాయి. పొద్దు పొడిచి నేల కాస్త వేడెక్కాక, గంటకు 5 నుంచి 15 కిలోమీటర్ల మధ్య నిలకడగా వీచే గాలిలో, సున్నిత పంట లేని దిక్కుకు గాలి పోతున్నప్పుడు కొట్టడం క్షేమం.

బొట్ల రూపంలోనే కాదు, ఆవిరి రూపంలో కూడా మందు ప్రయాణిస్తుంది. మన దేశంలో 2,4-డి సోడియం లవణం, అమైన్ లవణం, ఇథైల్ ఎస్టర్ రూపాల్లో దొరుకుతుంది. లవణాలతో పోలిస్తే ఇథైల్ ఎస్టర్ తేలిగ్గా ఆవిరవుతుంది. ఎండ ఎక్కువగా ఉంటే కొట్టిన తర్వాత కూడా ఆకుల మీద నుంచి, నేల మీద నుంచి లేచి పక్క చేలోకి చేరుతుంది.

డ్రోన్ల రాకతో ఈ లెక్క ఇంకా కీలకమైంది. చేతి పంపుతో ఎకరానికి 200 లీటర్ల నీటిలో కలిపే మందును డ్రోన్‌తో సుమారు 10 లీటర్లలోనే చల్లుతారు. అంటే కొట్టుకుపోయే ప్రతి బొట్టూ దాదాపు 20 రెట్లు చిక్కనిది. డ్రోన్లతో పిచికారీకి కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ప్రామాణిక కార్యాచరణ విధానాన్ని విడుదల చేసింది.

నేరం మోపే ముందు

పొరుగువాడిని నిందించే ముందు చేను ఏం చెబుతోందో చూడాలి. గాలికి వచ్చిన మందయితే నష్టం ఒక గట్టు వైపు ఎక్కువగా ఉండి, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. అలా కాకుండా చేనంతా సమానంగా ఉన్నా, ఒక ట్యాంకు మందు పడిన మేర మాత్రమే ఉన్నా అనుమానించాల్సింది సొంత పంపునే. వరికి 2,4-డి కొట్టిన పంపును సరిగా కడగకుండా పత్తికి పురుగు మందు కొడితే అవే లక్షణాలు వస్తాయి. కలుపు మందుకు విడిగా ఒక పంపు ఉంచుకోవాలని నిపుణులు చెప్పేది అందుకే.

ఏ మందో కూడా ఆకు చూసి కొంత చెప్పవచ్చు. 2,4-డి కొత్త ఆకులను మెలితిప్పుతుంది. గ్లైఫోసేట్ లేత చిగుళ్లను పసుపు రంగుకు మారుస్తుంది. పారాక్వాట్ బొట్టు పడిన చోటల్లా ఎండు మచ్చ వదులుతుంది. 2,4-డికి విరుగుడు మందు లేదు. తక్కువ మోతాదు పడిన చేను కొత్త చిగుళ్లతో కొంత తేరుకోవచ్చు. పంట ఉంచాలా, దున్నేయాలా అన్నది కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు చూసి చెప్పడం మేలు.

బాధ్యత ఎవరిది?

ఈ తగవు మన పల్లెలకే పరిమితం కాదు. అమెరికాలో డైకాంబా అనే కలుపు మందును తట్టుకునే సోయాబీన్, పత్తి రకాలు వచ్చాక, 2017లో ఆ గుణం లేని సోయాబీన్ సుమారు 36 లక్షల ఎకరాల్లో దెబ్బతిన్నట్లు అక్కడి విశ్వవిద్యాలయ నిపుణులు అంచనా వేశారు. 2020లో, 2024లో న్యాయస్థానాలు ఆ మందును పంట మీద చల్లేందుకు ఇచ్చిన అనుమతులను కొట్టివేశాయి.

మన దేశంలో కలుపు మందులు కూడా 1968 నాటి పురుగు మందుల చట్టం కిందకే వస్తాయి. డబ్బా మీద లేబుల్, లోపలి కరపత్రం ఆ చట్టం ప్రకారం ఆమోదించినవే. ఏ పంటకు, ఎంత మోతాదులో, ఏ జాగ్రత్తలతో వాడాలో అందులో ఉంటుంది. నిర్లక్ష్యంతో పొరుగువారికి నష్టం కలిగించిన వ్యక్తి మీద పరిహారం కోసం సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. కానీ మందు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత నష్టమైందో నిరూపించే భారం నష్టపోయిన రైతుదే. ఫసల్ బీమా నివారించలేని ప్రకృతి ప్రమాదాల కోసం ఉద్దేశించినది, ఇలాంటి నష్టానికి ఆదుకోదు. కాబట్టి లక్షణాలు కనిపించిన వెంటనే తేదీతో ఫొటోలు తీసి, స్థానిక వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా తెలిపి, చేను చూపించి నివేదిక తీసుకోవాలి.

నివారణ భారం ప్రధానంగా మందు కొట్టేవారిది. పంపు మోసే కూలీకి గాలి వాటం గురించి, నాజిల్ గురించి చెప్పాల్సింది పని అప్పగించిన రైతు. ఎస్టర్ రూపం కొంటున్న రైతును పక్కన పత్తి ఉందా అని అడగాల్సింది దుకాణదారు. తన చేలో ఏముందో ముందే చెప్పడం పొరుగు రైతు వంతు. మల్బరీ తోట, తేనెపెట్టెలు, సేంద్రియ పంట ఉంటే చెప్పి తీరాలి, ఎందుకంటే అవతలివారు కొట్టేది రేపు పురుగు మందైనా కావచ్చు.

ఇక మిగిలేది ఖర్చు లెక్క. గాలి వాలు వైపు అంచున కొన్ని మీటర్లు మందు కొట్టకుండా వదిలేసి, అక్కడ కలుపును చేత్తో తీయిస్తే కొద్దిమంది కూలీలకు ఒక పూట పని. అది మిగుల్చుకుందామని చూస్తే పక్క చేలో ఒక కారు పత్తి పోవచ్చు, దానితోపాటు ఏళ్ల తరబడి కలిసి నీళ్లు పారించుకున్న రెండు కుటుంబాల మధ్య మాటలూ ఆగిపోవచ్చు.