బడి పెట్టినాయన సభాపతి అయితే

సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో మురుగు పొంగినా, వీధి దీపం వెలగకపోయినా ముందు మేయర్‌నే అంటాం. నిజానికి మన కార్పొరేషన్ చట్టంలో పనులు చేయించే అధికారం కమిషనర్‌ది. ఆయన ప్రభుత్వం నియమించిన అధికారి. మేయర్ సభకు అధ్యక్షత వహిస్తారు, ప్రథమ పౌరుడిగా నగరం తరఫున నిలబడతారు. అంతేగానీ ఒక్క సంతకంతో రోడ్డు వేయించలేరు. గవర్నర్ పదవీ, శాసనమండలి చైర్మన్ పదవీ కొంచెం అటూఇటూగా ఇదే కోవలోవి. గౌరవం ఎక్కువ, ఆజ్ఞాపించే అధికారం తక్కువ.

మరి చదువు కోసం జీవితమంతా పాటుపడిన మనిషి ఇలాంటి కుర్చీలో కూర్చుంటే జనానికి ఒరిగేదేమిటి?

కెనడాలో 2021 జులైలో మేరీ సైమన్ గవర్నర్ జనరల్‌గా ప్రమాణం చేసినప్పుడు ఈ ప్రశ్నే వచ్చింది. ఆమె ఇన్యూట్ మహిళ. మంచు ప్రాంతపు ఆదివాసీ జాతి నుంచి, ఆ మాటకొస్తే కెనడా ఆదివాసుల్లోంచే, ఆ పదవికి వచ్చిన మొదటి వ్యక్తి. మెక్‌గిల్ యూనివర్సిటీలో తమ ఇనుక్టిటుట్ భాష బోధించారు. ఇన్యూట్ పిల్లల చదువుపై ఏర్పడిన జాతీయ కమిటీని నడిపించారు. అయినా ఆమెకు ఫ్రెంచ్ రాదంటూ అధికార భాషల కమిషనర్‌కు ఫిర్యాదులు వెళ్లాయి. చిన్నప్పుడు తాను చదివిన ప్రభుత్వ బడిలో ఫ్రెంచ్ నేర్పలేదన్నది ఆమె జవాబు. ఆ జవాబులో న్యాయం ఉందని నా నమ్మకం. నేర్పకపోవడం ప్రభుత్వం చేసిన పని, రాకపోవడం ఆమె తప్పెలా అవుతుంది?

ఇలాంటి కథ మన ఊళ్లో అంతకు డెబ్భై ఏళ్ల ముందే జరిగింది. 1951లో హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నుకున్న మేయర్ మాడపాటి హనుమంతరావు. అప్పుడు సికింద్రాబాద్‌కు వేరే కార్పొరేషన్ ఉండేది కాబట్టి మన పేటవాళ్లకు ఆయన పక్క ఊరి మేయర్. రెండు కార్పొరేషన్లూ 1960లో కలిశాయి.

మాడపాటి 1885లో కృష్ణా జిల్లాలో పుట్టి, తెలంగాణలో పెరిగారు. ఉర్దూ, ఫారసీ బాగా చదివినవారు. ప్రేమ్‌చంద్ ఉర్దూ కథలను తెలుగులోకి తెచ్చారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆయన తెలుగు కోసం నిలబడింది ఉర్దూ మీద కోపంతో కాదు. నిజాం రాజ్యంలో మిగతా భాషలకంటే ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. పై చదువు, కచేరీ, కొలువు అన్నీ ఉర్దూలో. 1918లో వచ్చిన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలోనే బోధించింది. ఒక దేశభాషలో యూనివర్సిటీ చదువు చెప్పొచ్చని నిరూపించిన గొప్ప ప్రయత్నమది. కాకపోతే ఆ భాష తెలంగాణ పల్లె పిల్లది కాదు.

1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధినిలో సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే, స్త్రీవిద్య కోసం మహిళా విశ్వవిద్యాలయమే స్థాపించిన పెద్దమనిషి. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభ్యులు కొందరు నవ్వులతో, చప్పట్లతో ఆయన్ను సాగనివ్వలేదు. సభలోని తెలుగువాళ్లకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రే కొద్దిమంది కలిసి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. వారిలో మాడపాటి ఒకరు. గ్రంథాలయాలు, సభలు, చివరికి ఆంధ్ర మహాసభ దాకా సాగిన తొవ్వ అక్కడ మొదలైంది.

వీటన్నిటిలో నాకు అన్నిటికంటే పెద్ద పనిగా కనిపించేది నారాయణగూడ బడి. 1928లో మాడపాటి వాళ్లు ఆడపిల్లల కోసం, తెలుగులో చదువు చెప్పడానికి పెట్టారు. చిన్న తరగతులు ఎలాగో నడుస్తాయి, చిక్కంతా హైస్కూలు దగ్గర. మెట్రిక్ పరీక్ష ఉర్దూలో ఉంటే తెలుగులో చదివిన పిల్ల ఏ పరీక్ష రాయాలి? పరీక్ష లేని బడికి కూతుర్ని ఏ తండ్రి పంపుతాడు? నిర్వాహకులు గుర్తింపు కోసం హైదరాబాద్ దాటి చూశారు. కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా బడిని చేర్చారు. అధ్యక్షుడి ఎదుటే తెలుగు నవ్వులపాలైన సభ జరిగిన కొన్నేళ్లకే, ఆ అధ్యక్షుడి సంస్థే తెలుగు బాలికల చదువుకు ముద్ర వేసింది. పాత అవమానాన్ని పట్టుకుని కూర్చోకుండా తలుపు తట్టినవాళ్లది పెద్ద మనసు.

మేయర్ అయ్యేనాటికి మాడపాటికి అరవై ఆరేళ్లు. చేయాల్సిన పనిలో ముఖ్యమైనదంతా అప్పటికే చేసేశారు. గౌరవ పదవుల్ని అర్థం చేసుకోవడానికి ఇది ముఖ్యం. ఆ కుర్చీ మనిషికి కొత్తగా బలం ఇవ్వదు. మనిషి వెంట వచ్చిన పనే కుర్చీకి బరువునిస్తుంది. ఏ పనీ వెనక లేని మనిషిని కూర్చోబెడితే మిగిలేది దండలు, రిబ్బన్లే.

అయితే అధికారం పూర్తిగా సున్నా అనడానికీ లేదు. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడినప్పుడు మొదటి చైర్మన్ మాడపాటే, 1964 దాకా ఉన్నారు. చైర్మన్ మామూలుగా ఓటు వేయరు, ఓట్లు సమానంగా వస్తేనే వేస్తారు. చట్టం ప్రతిపాదించరు, వాదనకు దిగరు. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పడం, మాట్లాడేవారిని మిగతావాళ్లు అడ్డుకోకుండా చూడటం, ఇదే ఆయన ఉద్యోగం.

దానికి తోడు రాజ్యాంగం 210వ అధికరణం ఉంది. రాష్ట్ర చట్టసభల్లో వ్యవహారం రాష్ట్ర అధికార భాషలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో జరగాలి. వాటిలో తన మాట సరిగ్గా చెప్పలేని సభ్యుణ్ణి మాతృభాషలో మాట్లాడనిచ్చే అధికారం సభాపతిది. ఆంధ్రప్రదేశ్ అధికార భాషల చట్టం వచ్చింది 1966లో, అంటే మాడపాటి కుర్చీ దిగిన తర్వాత. అధికరణం అక్షరాన్ని బట్టి చూస్తే, హిందీ ఇంగ్లీషు రాని సభ్యుడు ఆ ఆరేళ్లూ మండలిలో తెలుగులో మాట్లాడటానికి ఆధారం చైర్మన్ ఇచ్చే అనుమతే. ఆ అనుమతి ఇవ్వాల్సిన చోట కూర్చున్నది, 1921లో తెలుగు వక్త గొంతు నొక్కేసిన సంగతి తెలిసి ఆ రాత్రే సంఘం కట్టినవాళ్లలో ఒకరు.