మీకు తెలుసా? టోయింగ్ బండి ఫ్యాన్ క్లచ్ ముందే చెప్పే సంగతులు

సికింద్రాబాద్‌లో లారీ సామాను కావాలంటే చాలామంది రాణిగంజ్ దారే పడతారు. రాంగోపాల్‌పేట్‌ను ఆనుకున్న ఆ వీధుల్లో బేరింగులు, బెల్టులు, పంపులు, గాస్కెట్లు అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి. హీటెక్కుతున్న బండికి అక్కడ కొత్త ఫ్యాన్ క్లచ్ కొనడం తేలికే. పాతది నిజంగా చెడిందో లేదో తేల్చుకోవడమే అసలు పని. అందులోనూ పదిమంది బళ్లను ఒడ్డుకు చేర్చే టోయింగ్ బండి విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

నిలబడి చేసే పనే ఇంజన్‌కు ఎక్కువ కష్టం

1916లో అమెరికాలోని చట్టనూగలో ఎర్నెస్ట్ హోమ్స్ అనే గ్యారేజీ యజమాని, వాగులో పడిన కారును తాళ్లతో, మనుషులతో గంటల తరబడి లాగించాల్సి వచ్చింది. ఆ తర్వాతే ఆయన ఒక పాత కాడిలాక్ కారు మీద క్రేన్ బిగించి టోయింగ్ బండికి రూపమిచ్చాడు. అప్పటికీ ఇప్పటికీ ఆ బండి పని తీరు ఒక్కటే. మామూలు లారీ పరుగెత్తుతూ కష్టపడుతుంది. టోయింగ్ బండి నిలబడి కష్టపడుతుంది. వించి తిప్పేటప్పుడు, క్రేన్ ఎత్తేటప్పుడు ఇంజన్ మీద భారం ఉంటుంది కానీ రేడియేటర్‌కు ఎదురుగాలి ఉండదు. అప్పుడు గాలి లాగేది ఫ్యాన్ ఒక్కటే. మామూలు లారీలో చాలాకాలం బయటపడని క్లచ్ లోపం టోయింగ్ బండిలో ముందే పట్టుబడడానికి కారణం ఇదే.

ఆ క్లచ్‌లో ప్లేట్లు రాసుకోవు

గేరు మార్చే క్లచ్‌కూ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు. విస్కస్ ఫ్యాన్ క్లచ్‌లో నీటికంటే వేల రెట్లు చిక్కనైన సిలికాన్ ద్రవం ఉంటుంది. తేనెలో గరిటె తిప్పితే గిన్నె కూడా తిరగబోయినట్టు, ఇంజన్‌తో తిరిగే లోపలి చక్రం ఆ ద్రవం ద్వారా ఫ్యాన్‌ను లాక్కుపోతుంది. క్లచ్ ముందు భాగంలో రెండు లోహాల పట్టీ ఒకటి ఉంటుంది. రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడెక్కితే ఆ పట్టీ వంగి, ద్రవం వచ్చే దారి తెరుస్తుంది. ఫ్యాన్ పట్టు అందుకుంటుంది. గాలి చల్లబడితే ద్రవం వెనక్కి వెళ్లి, ఫ్యాన్ నెమ్మదిస్తుంది.

మూడో వంతు వేగానికి ఇరవై ఏడో వంతు బలమే చాలు

ఫ్యాన్ తినే బలం దాని వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగం రెండింతలైతే బలం ఎనిమిదింతలు కావాలి. పూర్తి వేగంలో 27 హార్స్‌పవర్ తినే ఫ్యాన్, మూడో వంతు వేగంలో ఒక్క హార్స్‌పవర్‌తో సరిపెట్టుకుంటుంది. అవసరం లేనప్పుడు ఫ్యాన్‌ను వదిలేసి క్లచ్ మిగిల్చేది ఆ తేడానే. అందుకే క్లచ్ చెడడం రెండు రకాలు. పట్టుకోవాల్సినప్పుడు పట్టుకోకపోతే బండి హీటెక్కుతుంది. వదలాల్సినప్పుడు వదలకపోతే డీజిల్ కరిగిపోతుంది, పికప్ తగ్గుతుంది. రెండో రకంలో హీటు ముల్లు మామూలుగానే ఉంటుంది కాబట్టి చాలామంది నెలల తరబడి గమనించరు.

మొదటి పరీక్షకు పానా అక్కర్లేదు

బండి ఎక్కడ హీటెక్కిందో డ్రైవర్‌ను అడగండి. మినిస్టర్ రోడ్ ట్రాఫిక్‌లో ముల్లు పైకి లేచి, ఔటర్ రింగ్ రోడ్ ఎక్కగానే దిగిపోతే అనుమానం ఫ్యాన్ మీదికి వెళ్లాలి. పరుగులో ఎదురుగాలి చేసే పనిని ట్రాఫిక్‌లో ఫ్యాన్ చేయలేకపోతోందన్నమాట. సిగ్నల్ దగ్గర ఏసీ చల్లదనం తగ్గి, కదలగానే మళ్లీ రావడం కూడా అదే కోవలోది. ఖాళీ రోడ్డు మీద పరుగెడుతున్నా హీటెక్కితే మాత్రం ముందు రేడియేటర్, థర్మోస్టాట్, వాటర్ పంపు చూడాలి. ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లే బాగున్న క్లచ్‌లు తుక్కులోకి పోతుంటాయి.

వేడి మీద చేతి పరీక్ష

బండిని బాగా వేడెక్కించి, ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. గుడ్డ కట్టుకున్న చేత్తో ఫ్యాన్‌ను ఒక్కసారి గట్టిగా తిప్పి వదలాలి. మంచి క్లచ్ బరువుగా కదిలి, దాదాపు వెంటనే ఆగుతుంది. వదిలాక నాలుగైదు చుట్లు తేలిగ్గా తిరిగితే లోపల ద్రవం కారిపోయి ఉండాలి. చల్లటి ఇంజన్ మీద కూడా అస్సలు కదలనంటే బిగుసుకుపోయిందని అర్థం. తిరుగుతున్న ఫ్యాన్‌ను చుట్టిన పేపరుతోనో కర్రతోనో ఆపి చూసే అలవాటు కొందరిలో ఉంది. దాన్ని మానాల్సిందే. ఆ వేగంలో రెక్క విరిగితే ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. మెకానిక్ వేళ్ల కంటే ఏ క్లచ్చూ విలువైనది కాదు.

పొద్దుటి హోరు జబ్బు కాదు

రాత్రంతా నిలిపిన బండిని తెల్లవారి స్టార్ట్ చేస్తే ఫ్యాన్ గట్టిగా హోరెత్తడం మామూలే. రాత్రి ద్రవం పనిచేసే గదిలోకి జారి ఉంటుంది కాబట్టి, కాసేపు పట్టు ఉండి తర్వాత వదులుతుంది. ఆ హోరు ఒకటి రెండు నిమిషాల్లో తగ్గాలి. బండి రోడ్డెక్కి, చల్లటి గాలిలో పరుగెడుతున్నా తగ్గకపోతే క్లచ్ బిగిసి ఉందని గుర్తు. దీనికి వ్యతిరేకంగా, వేసవి మధ్యాహ్నం వించి తిప్పుతుంటే ముల్లు ఎర్ర గీత వైపు పోతున్నా హోరు వినబడకపోతే క్లచ్ పట్టడం లేదు. ఆ శబ్దాన్ని గుర్తుపట్టిన డ్రైవర్ చెవికి మించిన మీటర్ లేదు.

మరక చూడండి, ఊపు చూడండి

క్లచ్ ఒంటి మీద మధ్యలోంచి అంచులకు చిమ్మినట్టు నల్లటి జిడ్డు చారలుంటే సిలికాన్ ద్రవం బయటికి వస్తోంది. సన్నటి తడి పొర మాత్రమే కనబడితే వెంటనే భయపడక్కర్లేదు. తర్వాత రెక్క కొసను పట్టుకుని ముందుకూ వెనక్కూ కదపాలి. కొస దగ్గర 6 మిల్లీమీటర్లకు మించి ఆడినా, తిప్పుతుంటే గరగరమన్నా బేరింగు అరిగినట్టే. ఆ ఊపు ఆగకపోతే వాటర్ పంపు బేరింగు కూడా పోతుంది, ఒకరోజు రెక్కలు రేడియేటర్‌నే కోసేస్తాయి.

అట్టముక్కతో తేలే నిజం

రేడియేటర్ ముందు భాగాన్ని అట్టతో చాలావరకు మూసి, ఇంజన్‌ను నిలకడగా నడపాలి. ఒకరు క్యాబిన్‌లో ముల్లు చూస్తూ ఉండాలి. వేడి పెరిగేకొద్దీ ఒక దశలో హోరు మొదలవ్వాలి. అప్పుడు అట్ట తీసేస్తే ముల్లు దిగాలి, కాసేపటికి హోరు తగ్గాలి. రెక్కకు మెరిసే టేపు అంటించి ఆర్‌పీఎం మీటరుతో కొలిస్తే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది. ముల్లు ఎర్ర గీతకు చేరకముందే పరీక్ష ఆపాలి. రెక్కలకు ఎదురుగానీ పక్కగానీ ఎవరూ నిలబడకూడదు.

క్లచ్ తప్పు లేకుండానే నింద పడొచ్చు

పట్టీకి తెలిసేది రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడి మాత్రమే, ఇంజన్ వేడి కాదు. రేడియేటర్ మధ్యలో గొట్టాలు పూడుకుపోతే అక్కడి గాలి చల్లగానే వస్తుంది. ఇంజన్ ఉడుకుతున్నా పట్టీ కదలదు. తప్పు రేడియేటర్‌ది, శిక్ష క్లచ్‌కు. బెల్టు జారుతున్నా, ఫ్యాన్ చుట్టూ ఉండే కవచం విరిగినా, రేడియేటర్ రెక్కల్లో మట్టి, పురుగులు నిండినా లక్షణాలు ఇలాగే ఉంటాయి. ముందు ఇవన్నీ చూసి, కడిగి, బిగించాకే క్లచ్ మీద తీర్పు చెప్పాలి.

మన ఊరి ఎత్తు, మన ఊరి ఎండ

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. కాబట్టి మూత లేని గిన్నెలో ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత ఒత్తిడి నిలపడం వల్లే మరిగే వేడి 120 డిగ్రీల దరిదాపుల్లోకి జరుగుతుంది. మూత రబ్బరు పాడైతే ఆ రక్షణంతా పోతుంది. ఇక ఎండ సంగతి. 95 డిగ్రీల కూలెంట్‌కూ 15 డిగ్రీల చలికాలపు గాలికీ తేడా 80. అదే 42 డిగ్రీల మే నెల గాలితో తేడా 53. అంతే గాలి వీచినా రేడియేటర్ విడిచే వేడి మూడో వంతు తగ్గుతుంది. సంక్రాంతికి నెట్టుకొచ్చిన నీరసపు క్లచ్ ఉగాది దాటాక చేతులెత్తేసేది అందుకే.

బీఎస్-6 బండిలో తీగ కూడా దోషే

2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకు బీఎస్-6 కాలుష్య ప్రమాణం తప్పనిసరి అయింది. ఈ తరం లారీల్లో చాలావాటికి పట్టీ బదులు ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) ఆజ్ఞతో నడిచే క్లచ్ ఉంటుంది. వీటిలో కరెంటు తెగితే ఫ్యాన్ పూర్తి పట్టులోకి వచ్చేలా రూపొందించినవి ఎక్కువ. ఇంజన్‌ను కాపాడడానికే ఆ ఏర్పాటు. అందుకే ఫ్యాన్ ఆగకుండా హోరెత్తితే ముందు స్కానర్ పెట్టి కోడ్ చూడండి, కనెక్టర్‌ను, తీగను తడమండి. ఎలుక కొరికిన తీగకు కొత్త క్లచ్ మందు కాదు.

వెల్డింగ్ వైద్యం వద్దు

క్లచ్‌ను వెల్డ్ చేసి ఫ్యాన్‌ను డైరెక్ట్ చేస్తే ఆ రోజుకు హీటు తగ్గుతుంది. అర్ధరాత్రి దారి మధ్యలో నిలిచిపోయిన డ్రైవర్ ఆ పని ఎందుకు చేస్తాడో అర్థం చేసుకోవచ్చు. కానీ షెడ్డుకు చేరాక దాన్ని అలాగే వదిలేయడం తప్పు. ప్రతి కిలోమీటరుకూ డీజిల్ రూపంలో కప్పం కట్టాలి. బెల్టు, వాటర్ పంపు త్వరగా అరుగుతాయి. నెమ్మదిగా తిరిగేందుకు చేసిన రెక్కలు పూర్తి ఇంజన్ వేగానికి పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది.

కొత్తదాన్ని పడుకోబెట్టకండి

విస్కస్ క్లచ్‌ను బండికి ఎలా బిగిస్తారో అలాగే నిలబెట్టి దాచాలి. బోర్లా పడేస్తే ద్రవం బేరింగులోకి దిగి, డబ్బా విప్పకముందే చెడిపోవచ్చు. దుకాణంలో ఎలా ఉంచారో చూసి, పాత దాని నంబరుతో పోల్చి కొనండి. విప్పేటప్పుడు నట్టు మరను కూడా గమనించాలి. కొన్నింటికి ఎడమ మర ఉంటుంది, మామూలు నట్టు విప్పే వైపే బలంగా తిప్పితే ఇంకా బిగుస్తుంది.

పరీక్షలన్నీ కలిపినా ఒక పూట పని. దానికి సరైన సమయం ఎండలు ముదరకముందు, మార్చి నెల. టోయింగ్ బండి ఆగితే ఇబ్బంది దాని యజమానిది ఒక్కడిదే కాదు. రాత్రివేళ కుటుంబంతో రోడ్డు పక్కన చిక్కుకుని, ఆ బండి కోసం ఫోన్ చేసి ఎదురుచూసేవాళ్లది కూడా. వాళ్ల దగ్గరకు వేళకు చేరడమే ఈ వృత్తి మర్యాద. ఆ ఒక పూట దానికోసమే.