పెరటితోటల సంఘము

స్త్రీలకు తోటపని క్రొత్తది కాదు. బియ్యము కడిగిన నీరు బచ్చలిపాదులో పోయని గృహిణి మన సీమలో కలదా? క్రొత్తది యేమనగా, పెరటిపనికై పదిమంది యొకచోట కూడుట. ఎవరి పాదు వారిది, ఎవరి విత్తనము వారిది యను నలవాటు మనకు తరతరములనుండి వచ్చుచున్నది. మేమును అట్లే యుంటిమి. 2023వ సంవత్సరము ఆషాఢమాసము మొదలుకొని తోట్లవల్లూరిలో కొందఱము స్త్రీలము నెలకొక యాదివారము కలిసికొనుచున్నాము. అందువలన మాకు కలిగిన యనుభవమును సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మా యూరు కృష్ణయొడ్డున, విజయవాడనుండి అవనిగడ్డకు పోవు కరకట్టబాట వెంట నున్నది. కట్ట కీవల నూరు. ఆవల ఏటిలో లంకలు. ఆ లంకల యొండ్రునేలలో పసుపు, కంద, అరటి, తమలపాకు పండును. ఊరిపేరులోనే తోటలున్నవి. అట్టిచోట నాలుగు బీరపాదులకు సభ యెందుకని మగవారు వేళాకోళము చేసిరి. వారి మాట పూర్తిగా తప్పనజాలము. కాని పొలములో పండినది సంతకు పోవును. ఇంటికూరకు మాత్రము ప్రొద్దుటనే బండివాని కేకకై చెవియొగ్గి యుండు నిండ్లు మా యూర ననేకము. పెద్ద పంట చేతికి వచ్చినకొలది పెరడు బీడు పడుట పల్లెలలో వింత కాదు.

ఇట్టి సంఘములు లోకమున నెన్నడో పుట్టినవి. కలకత్తాలో 1820లో విలియం కేరీ యను పాదిరి వ్యవసాయోద్యాన సంఘమును స్థాపించెను. చెన్నపట్టణమున 1835లో మఱియొకటి వెలసెను. అవి దొరల సంఘములు. మాకు మనసునకు పట్టినది వేఱు. 1891లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, ఏథెన్సు పట్టణమందు పండ్రెండుగురు స్త్రీలు ఒకరియింట కూడి, మొక్కలును విత్తనములును ఇచ్చిపుచ్చుకొనుటకు సంఘ మేర్పఱచుకొనిరట. ఆ దేశమున స్త్రీల తోటపని సంఘములకు అదియే మొదటిదని చెప్పుదురు. మన భాగ్యనగరమున మన్ను లేనివారు సైతము మిద్దెలపై మడులు కట్టి కూరలు పండించుచున్నారు. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు ఆ పనినిగూర్చి ‘మిద్దెతోట’ యను పుస్తకమే వ్రాసిరి. కాళ్లక్రింద కృష్ణమ్మ యొండ్రు పెట్టుకొని మనము కూరలబండికై యెదురుచూచుట యేమి న్యాయము?

మా సంఘమున చేరుటకు రుసుము లేదు. పిడికెడు గింజలు తెచ్చిన చాలును. పొదుపు సంఘములలో రూపాయి దాచుకొనుట మన స్త్రీలకు బాగుగా తెలియును. 2016 నుండి ఆంధ్రప్రదేశమున ప్రకృతి వ్యవసాయము కూడ ఆ మహిళాసంఘముల ద్వారముననే గడపగడపకు వచ్చినది. మేము దాచునది గింజ. అంతియే భేదము.

మొదటి సమావేశముననే మా యజ్ఞానము బయటపడినది. మేము మాఘమాసములో చిక్కుడు పెట్టితిమి. తీగ పందిరినిండ నల్లుకొన్నది. వైశాఖము వచ్చినను పూవు లేదు. ఎరువు చాలలేదేమో యని మఱింత పేడ వేసితిమి. ఆకులు మఱింత దట్టమయ్యెను. సంఘములోని పెద్దామె యొకరు విని నవ్వి, “పగలు పొట్టిపడనిదే మన నాటుచిక్కుడు పూయదమ్మా. ఆషాఢ శ్రావణములలో పెట్టవలె, సంక్రాంతికి కోయవలె” ననెను. పుస్తకములలోను ఆ మాటయే కలదు. రాత్రి పెరిగి పగలు తఱిగినప్పుడే పూయు జాతి యది. మా యింట మూడుతరములు చిక్కుడు కాచినది. ఆ సంగతి మాత్రము మా చెవిని పడలేదు.

మఱియొక నెలలో సొరకాయ సంగతి వచ్చినది. ఒకామె తీగకు కాచినదెల్ల చేదు. రెండు రకముల సొరలు దగ్గఱనున్నప్పుడు తుమ్మెదలు పుప్పొడి నొకదానినుండి యొకదానికి చేర్చును. అందులో నొకటి చేదుజాతి యైనచో, అప్పటి కాయకు దోష ముండదు. దాని గింజనుండి మఱుసటియేట మొలచిన తీగ చేదుకాయలు కాయును. విత్తనమునకు విడుచు కాయ విషయమున మేమిప్పుడు చేయునది యిది. సొరపూవు సాయంకాలము విచ్చును. ఆనాటికి విచ్చబోవు మగమొగ్గను, అడుగున చిన్నపిందెగల ఆడమొగ్గను ముందే దారముతో కట్టుదుము. మునిమాపున విప్పి, మగపూవును ఆడపూవునకు రాచి, మరల కట్టి, ఆ పిందె తొడిమకు రంగుదారము చుట్టుదుము. సోదరీమణులు మాత్ర మొకటి మఱువరాదు: సొరకాయ తఱిగిన వెంటనే చిన్నముక్క నాలుకకు తగిలించి చూచి, చేదైనచో ఉమిసి, కాయను పాఱవేయుడు. ఆ చేదు విషము. వాంతులతో మొదలై ప్రాణముమీదికి తెచ్చును. కాయ యొకటి పోయెనని చింతింపకుడు.

పురుగులకు వేపగింజల కషాయము వాడుచున్నాము. ఏబది గ్రాముల పొడిని గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నానవేసి, పిండి వడకట్టి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లవలెను.

ఇక గింజల మాట. ప్రతి రకమును మూడిండ్లలో దాచవలెననియు, అందొకటి లంకలో నున్నచో మిగిలిన రెండును కట్ట కీవల నుండవలెననియు పెద్దామె పట్టుపట్టినది. ఎలుకలకును తడికిని ఇంత రాజ్యాంగ మెందుకని మేమే సణిగితిమి. లంకలోని యొక సోదరి మఱింత బిగిసినది. ఆమె యింట ఎఱ్ఱయంచుగల వెడల్పు చిక్కుడు కలదు. అది యంగళ్లలో దొరకదు. “మా అత్తగారి గింజ గడప దాటించ” ననెను. రెండు నెలలు బ్రతిమాలగా, ఒక పిడికెడు మాత్రము తెచ్చి, లెక్కపెట్టి ఇచ్చెను.

2024 సెప్టెంబరు 2వ తేదీన, వినాయకచవితి కింక నైదుదినము లుండగా, ప్రకాశం బ్యారేజి నుండి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వచ్చినది. 1957లో ఆ బ్యారేజి పూర్తియైన నాటినుండి అంతటి వరద లేదు. 2009 అక్టోబరు వరదయు దీనికి తక్కువయే. లంకలు మునిగినవి. పసుపు, కంద, అరటి, తమలతోటలు నీటి పాలైనవి. ఆ కష్టములో చిక్కుడుగింజల మాట యెత్తుట కూడ సిగ్గుగా తోచును. పైరు పోయినవారికి కూరపాదు లొక లెక్కా? కాని నీరు తీసి ఇల్లు చేరిన యా సోదరి, అటుకమీది గింజలకుండ బోరగిలపడి యుండుట చూచి, అంతవఱకు లేని యేడుపు ఏడ్చినదని విన్నాము.

ఆమె యిచ్చిన పిడికెడు కట్ట కీవల రెండిండ్లలో బూడిదతో కలిపి యుంచబడినది. ఒకరింట సగము పుచ్చిపోయినది; రెండవ యింట చక్కగా నిలిచినది. మెత్తని బురద ఆఱి పదునుకు వచ్చుటకు పదునైదు దినములకు పైగా పట్టినది. పైపెచ్చు కట్టిన నేలను పలుగుతో పగులగొట్టి, అందఱము చేరి ఒక పూటలో లంకలోని పెరళ్ల పాదులు త్రవ్వితిమి. పగళ్లు తఱుగుచున్న దినములు గనుక ఆలస్యమైనను తీగ తన పని మానలేదు. 2025 ఫిబ్రవరి 4వ తేదీ రథసప్తమినాడు ఆమె తన పెరటి చిక్కుడుకాయలతోనే సూర్యభగవానునికి రథము కట్టి, చిక్కుడాకులలో పరమాన్నము నివేదించెను.

ఫాల్గుణమాసపు సమావేశమునకు నాలుగు పొట్లములతో వచ్చెను. మూడు సంఘమున కని యిచ్చి, నాలుగవది ఘంటసాల దగ్గఱనున్న తన చెల్లెలికి పంపవచ్చునా, నియమమున కేమైన లోపమా యని పెద్దామె నడిగెను. ఆ దినము గోంగూరపుల్లల నాటుటకు ఆలస్యమగుచున్నదని పెద్దామె తొందరపడుచుండెను గనుక, తల యూపి, అందఱను పెరటిలోనికి పిలిచెను.