ప్రతివాది: ఒక జాకెట్

వాది అమెరికా ప్రభుత్వం. ప్రతివాదులు: మైకేల్ జాక్సన్ సంతకం చేసిన 'థ్రిల్లర్' జాకెట్ ఒకటి, ఆయన తాలూకు మరికొన్ని జ్ఞాపికలు, కాలిఫోర్నియాలోని మాలిబులో ఒక భవంతి, 2011 నాటి ఫెరారీ కారు ఒకటి. అమెరికా ఫెడరల్ కోర్టులో నడిచిన దావా శీర్షిక ఇది. అవినీతి సొమ్ముతో కొన్న వస్తువు మీదే నేరుగా దావా వేయడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. ఆ వస్తువుల యజమాని తియోడోరిన్ ఒబియాంగ్. మధ్య ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీ అధ్యక్షుడి కొడుకు. అప్పట్లో వ్యవసాయ, అటవీ శాఖ మంత్రి. ఇప్పుడు ఉపాధ్యక్షుడు.

అవినీతి వేళ్లూనుకున్న నియంతృత్వం లోపలి నుంచి మారే వీలుందా? ఎడిటర్ గారు ఈ ప్రశ్న ఇచ్చి, దగ్గరలోనే గడువు పెట్టారు. జవాబు కోసం ఆ దేశ రాజ్యాంగంతో మొదలుపెట్టాను. కానీ ఆ పాలన గురించి అంతకన్నా ఎక్కువ చెప్పింది ఈ దావా కాగితాలే. ఎవరి జీతం ఎంత, ఏ ఖాతాలోంచి ఎంత కదిలింది, దేనికి ఖర్చయింది అని ఓపికగా రాసుకుంటూ పోయిన ఇలాంటి కాగితాలంటే నాకు గౌరవం.

మంత్రిగా తియోడోరిన్ జీతం ఏడాదికి లక్ష డాలర్ల లోపు. కూడబెట్టింది 30 కోట్ల డాలర్ల పైమాటేనని అమెరికా న్యాయశాఖ ఆరోపణ. అడవి ఆయన శాఖదే. కలప కంపెనీలు అనుమతుల కోసం ఆయనకే ముట్టజెప్పాల్సి వచ్చేదని ఆ కాగితాలు చెబుతాయి. అమెరికా సెనేట్ ఉపసంఘం 2010 నివేదిక ఆ డబ్బు ప్రయాణించిన దారి చూపించింది. 2004 నుంచి 2008 వరకు 10 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము అమెరికాలోకి వచ్చింది. లాయర్లు పెట్టిన కాగితపు కంపెనీల పేర్లు స్వీట్ పింక్, బ్యూటిఫుల్ విజన్, అన్‌లిమిటెడ్ హొరైజన్. బ్యాంకులు అనుమానించి ఒక ఖాతా మూసేస్తే మరో పేరుతో ఇంకోటి తెరుచుకునేది. మాలిబు భవంతి ధర 3 కోట్ల డాలర్లు, కొన్నది 2006లో.

2014లో రాజీ కుదిరింది. భవంతి, ఫెరారీ, నిలువెత్తు మైకేల్ జాక్సన్ బొమ్మలు ఆరు అమ్మాలన్నారు. 2021లో ఆ సొమ్ములోంచి 1.925 కోట్ల డాలర్లు కోవిడ్ టీకాల కోసం ఐక్యరాజ్యసమితికి వెళ్లాయి. 63.5 లక్షలు మందుల కోసం ఒక స్వచ్ఛంద వైద్య సంస్థకు అందాయి. ప్రజల సొమ్ము ప్రజలకు చేరాలంటే వాళ్ల ప్రభుత్వాన్ని తప్పించి పంపాల్సి వచ్చింది. ఆ దేశ పాలనకు ఇంతకన్నా కఠినమైన తీర్పు నాకు కనబడలేదు.

పారిస్‌లో ఆయన మీద నడిచిన కేసులో రాజీ కూడా లేదు. షెర్పా, ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అనే అవినీతి వ్యతిరేక సంస్థలు ఏళ్ల తరబడి పట్టువిడవకుండా పోరాడాయి. చివరికి తియోడోరిన్‌కు మూడేళ్ల జైలు (అమలు నిలుపుదలతో), 3 కోట్ల యూరోల జరిమానా పడ్డాయి. 2021 జులైలో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం దాన్నే ఖాయం చేసింది. పారిస్ అవెన్యూ ఫోష్‌లోని ఆయన భవనం 'మా దౌత్య కార్యాలయం' అన్న ఈక్వటోరియల్ గినీ వాదనను అంతర్జాతీయ న్యాయస్థానం 2020లో తోసిపుచ్చింది.

ఆ దేశ చరిత్ర రెండు ముక్కల్లో: 1968లో స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం. మొదటి అధ్యక్షుడు మాసియాస్ న్గ్వేమా రక్తపు పాలన. 1979 ఆగస్టు 3న అతని దగ్గరి బంధువు, తియోడోరిన్ తండ్రి అయిన తియోడోరో ఒబియాంగ్ తిరుగుబాటు. ఆ సెప్టెంబరులోనే మాసియాస్‌కు మరణశిక్ష. 1990ల నడుమ సముద్రంలో చమురు. ఒబియాంగ్ నేటికీ గద్దె దిగలేదు.

సూట్‌కేసుల్లో నోట్లు
వాషింగ్టన్‌లోని రిగ్స్ బ్యాంకులో ఒబియాంగ్ కుటుంబానికి, ప్రభుత్వానికి, అధికారులకు కలిపి 60కి పైగా ఖాతాలుండేవి. వాటిలో నిల్వ ఒక దశలో 70 కోట్ల డాలర్లకు చేరింది. ప్లాస్టిక్ చుట్టిన నోట్ల కట్టలు సూట్‌కేసుల్లో వచ్చేవని 2004 నాటి సెనేట్ నివేదిక తేల్చింది. 2005లో బ్యాంకు నేరం ఒప్పుకుని 1.6 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది.

మన నావికులు
'హీరోయిక్ ఇడున్' నౌక గుర్తుందా? 2022 ఆగస్టులో ఈక్వటోరియల్ గినీయే దాన్ని అడ్డుకుంది. 26 మంది సిబ్బందిలో 16 మంది భారతీయులు. నవంబరులో నైజీరియాకు అప్పగించారు. వాళ్లకు విడుదల దొరికింది 2023లోనే.

ఇక సంస్కరణల మాట. 2011లో రాజ్యాంగ సవరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, 97 శాతానికి పైగా ఒప్పుకున్నారని ప్రకటించారు. అధ్యక్షుడు రెండుసార్లకు మించి ఉండకూడదని అందులో రాశారు. ఆ సవరణలోనే 75 ఏళ్ల వయోపరిమితి ఎత్తేశారు, ఉపాధ్యక్ష పదవి సృష్టించారు. ఏడాది తిరగకుండానే కొడుకుకు రెండో ఉపాధ్యక్షుడి హోదా దక్కింది. సంస్కరణ అన్న పేరుతోనే వారసత్వానికి బాట వేశారు. 2022 ఎన్నికల్లో ఒబియాంగ్‌కు 95 శాతం దాకా ఓట్లు, దిగువ సభలోని 100 సీట్లూ అధికార పార్టీకే.

మంచి ఒక్కటీ జరగలేదని అనను. 2022లో సాధారణ నేరాలకు మరణశిక్ష రద్దు చేశారు, అది నిజమైన మేలు. 2019లో ఐఎంఎఫ్ అప్పు అవసరమైనప్పుడు అవినీతి నిరోధక నిబంధనలకు తలొగ్గారు. చమురు రాబడి తగ్గినకొద్దీ ఇలాంటి ఒత్తిడికి బలం పెరుగుతుంది. నా ఆశ అంతా అక్కడే ఉంది. రామోన్ ఎసోనో ఎబలే సంగతి వింటే ఆ ఆశ కూడా వణుకుతుంది. ఒబియాంగ్ మీద వ్యంగ్య చిత్రాలు గీసిన ఆయన్ను 2017లో దొంగనోట్ల కేసులో ఇరికించారు. పైవాళ్లు చెప్పమన్నారు కనుక చెప్పానని పోలీసు సాక్షి కోర్టులో ఒప్పుకునేసరికి కేసు వీగిపోయింది. అప్పటికి ఆయన జైల్లో ఐదు నెలలకు పైగా గడిపారు.

కొత్త రాజ్యాంగం కింద ఒబియాంగ్ 2016లో ఒకసారి, 2022లో ఒకసారి గెలిచారు. ఏడేళ్ల గడువు 2029తో తీరుతుంది. అప్పటికి ఆయనకు 87 ఏళ్లు. కుర్చీ తండ్రి నుంచి కొడుక్కి మారితే దాన్ని మార్పు అనలేను. మంత్రుల ఆస్తుల వివరాలు ఆ దేశ పత్రికల్లో అచ్చవుతాయా, అచ్చువేసిన విలేకరి ఆ రాత్రి ఇంటికి చేరతాడా, స్వీట్ పింక్ ఖాతాల మీద అక్కడి జడ్జి ఒక్కరైనా సమన్లు పంపగలరా అన్నవే నేను చూసేవి.