కోడికూతకు ముందు గొడ్లచావడి

పందెపు గుఱ్ఱములను సాకు శాలలలో పనివారు తెల్లవాఱకముందే లేవవలెనని మీరు వినియుందురు. మన గుంటూరు, ప్రకాశము మండలముల పల్లెలలో అట్టి వేకువసేవను కోరునవి బండలాగుడు పందెములకై పెంచు ఒంగోలు గిత్తలు. బ్రెజిలు దేశమున నెల్లోరు పేర ప్రసిద్ధికెక్కిన పశువులును ఈ జాతి సంతతియే.

శివరాత్రి వెళ్ళిన పిమ్మట మా మేనల్లుడు మా యింటనుండి అట్టి జత యొకదానికడ పనికి కుదిరెను. ఇరువదియేండ్లవాడు, కళాశాల చదువు నడుమ విడిచినవాడు. ఈ పనియైనను నిలుపుకొనునా యని మా అన్నగారికి బెంగ, మాకును అంతే.

నాలుగు గంటలకు పేడ యెత్తి, నేల చిమ్మి, కుడితి పెట్టి, గిత్తలను పొలముబాటను నడిపింపవలెను. ఎండ యెక్కకముందే మరలివచ్చి, ఒడలు తోమి, ఉడికించిన ఉలవలు, పత్తిగింజలు, జొన్నచొప్ప పెట్టవలెను. మేత పిమ్మట నెమరునకు తీరిక కావలెను. పశువు దినమునకు ఏడెనిమిది గంటలు నెమరువేయునట! ఉదయమున గంట జాగైనచో దినమంతయు తాఱుమాఱగును.

నాలుగవనాడే మావాడు నిద్రపోయెను. అది కళ్ళములలో మిరపకాయలెండు కాలము. ఎండలో నడచివచ్చిన దాపటి గిత్త నాలుక వెడలబెట్టి రొప్పుట మేము కన్నులార చూచితిమి. యజమాని వానిని కసరలేదు. మా వాకిట నిలిచి, "పంతులమ్మగారూ, పిల్లవాణ్ణి ఒక్కమాట అనను. ఇంకోసారి ఎండలో తోలితే మాత్రం వేరే మనిషిని చూసుకుంటాను" అని వెడలిపోయెను.

ఆ రాత్రి మేము వానిని మందలింపబోయి ఆగితిమి. మా యింట భోజనము తొమ్మిదిన్నరకు, పిదప టెలివిజను, పిదప వాని చేత సెల్‌ఫోను. తప్పు వానియొక్కనిదేనా? మఱునాటినుండి ఏడు గంటలకే వడ్డించితిమి. ఎనిమిదింటికి ఫోను మా అలమరలోనికి, దీపము ఆర్పుటయు అప్పుడే. రాత్రి దీపపువెలుగు నిద్రను వెనుకకు త్రోయుననియు, ఉదయపువెలుగు దానిని ముందునకు జరుపుననియు వైద్యులు చెప్పుదురు. పంతులుగారు వ్రాతపుస్తకములు దిద్దుటకు వంటయింటికి మారిరి. మేము చూచుచుండిన ధారావాహిక కథ ఏమైనదో నేటికిని ఎఱుగము. ఆ విచారము కొంచెము కలదు.

మొదట వానికి నిద్రపట్టలేదు. "అత్తా, పది కాకుండా కళ్ళు మూతపడవే" యని మంచముపై పొరలెడివాడు. పగలు కునుకు తీసినను అరగంటకు లేపితిమి. రెండు వారములు గడచునప్పటికి మా పిలుపునకు ముందే వాని చెంబు చప్పుడు వినవచ్చెను. వాని యడుగుల సవ్వడికే గిత్తలు మెడగంటలు కదలించునట. ఈ మాట చెప్పునప్పుడు వాని మొగము చూడవలెను.

పందెములలో కొందఱు ముల్లుకఱ్ఱ వాడుదురు. అది మాకు సమ్మతము కాదు. తోమిన చేతితో పొడుచుటెట్లని మావాడును అనుచున్నాడు.

ఉగాది పందెమునకు యజమాని వానినే వెంటగొనిపోయెను. నిర్ణీతకాలములో బండను ఎక్కువ దూరము లాగిన జతకే బహుమతి. వీరి జతకు రాలేదు. అర్ధరాత్రి ఇల్లు చేరిన వాడు అన్నమైనను తినక పండుకొనెను. నాలుగింటికి మేము లేచిచూడగా మంచము ఖాళీగా నుండెను.