టర్కీ కాలి మాంసం వండే తీరు

అమెరికాలో ఏటా నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగకు టర్కీ కోడిని ముక్కలు చేయకుండా ఓవెన్‌లో కాల్చడం ఆనవాయితీయే అయినా, రొమ్ముకూ కాళ్లకూ ఒకే వేడి సరిపోదు. పక్షి రోజంతా నడవడానికి వాడే కాలి కండరాలలో ప్రాణవాయువును నిల్వ చేసే మయోగ్లోబిన్ అనే ఎర్రని ప్రొటీను ఎక్కువ కావడం వల్ల ఆ మాంసం ముదురు రంగులో ఉంటుంది. కండ పోగులను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే గట్టి ప్రొటీను కూడా అందులోనే అధికం.

అమెరికా వ్యవసాయ శాఖ సూచించినట్లు లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే మాంసం సురక్షితమే గాని, కొల్లాజెన్ కరిగి జెలటిన్ అనే మెత్తని జిగురుగా మారాలంటే 80 డిగ్రీలు దాటిన వేడిలో అది చాలాసేపు ఉండాలి. అందుచేత తొడ ముక్కలను మొదట నూనెలో ఎర్రగా వేయించి, ఉల్లిపాయలు వేసి, ముక్కలు సగం మునిగేలా ఎముకల రసం పోసి, మూతపెట్టి సన్నని సెగపై సుమారు రెండు గంటలు మగ్గించడమే అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి. ఎముక పక్కన గుచ్చిన ఫోర్కు అడ్డులేకుండా దిగితే ఉడికినట్టే. కాలి దిగువ భాగంలో పుల్లల్లా బిగిసిన స్నాయువులు, అంటే కండను ఎముకకు కలిపే తంతువులు, నోటికి అడ్డుపడతాయి కనుక వడ్డించే ముందే వాటిని లాగివేయాలి.

మెక్సికోలోని ప్వెబ్లాలో ఎండుమిర్చి, గింజలు, చాక్లెట్ నూరి చేసే మోలే అనే చిక్కని గ్రేవీతో టర్కీని వడ్డిస్తారు. అంత ఘాటుకు దీటుగా నిలిచేది కాలి మాంసమే. రొమ్ము ఎండిపోతుందని కాళ్లను త్వరగా దించేయడం కంటే, రెండింటినీ విడదీసి వేర్వేరుగా వండుకోవడమే మేలు.