బూజు నూలును ఎట్లు కొరుకును?

వానకాలమున నూలుకట్టలను నేలమీదనే పేర్చి యుంచినచో బూజు పట్టుట మన మెరిగినదే. బూజును దులిపివేసినను ఆ నూలు మగ్గముమీద మాటిమాటికి తెగును. పైకి కనబడునది మచ్చయే గాని, అసలు నష్టము పోగులోపల జరుగును. ఆ విధమును ఇచ్చట వివరింతుము.

శుభ్రపరచిన పత్తిపోగు దాదాపు అంతయు సెల్యులోజే. గ్లూకోజు అను చక్కెర రేణువులను వేలకొలది గ్రుచ్చిన దండవంటిది అది. మనము పడుగునకు పెట్టు గంజియు గ్లూకోజు దండయే. రేణువులు కలిసిన తీరు మాత్రము వేరు. గంజిలోని దండ మెలితిరిగి యుండుటచే సులభముగ విడిపోవును. సెల్యులోజు దండలు తిన్నగా సాగి, ఒకదానిప్రక్క నొకటి బిగిసి యుండును. నూలునకు బలము అందువలననే.

ఈ బిగువును విప్పుటకు బూజు సెల్యులేజులు అను ఎంజైములను స్రవించును. ఇవి మాంసకృత్తు జాతివి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సాలమన్ దీవులలో అమెరికా సైన్యపు నూలు గుడారములను పాడుచేసిన ట్రైకోడెర్మా రీసీ అను బూజును శాస్త్రజ్ఞులు విశేషముగ పరిశోధించిరి. దాని ఎంజైములలో ఒకదాని కోతభాగపు రూపము 1990లోను, మరియొకదానిది 1994లోను ఎక్స్‌రేల సహాయమున తెలియవచ్చినది.

వీనిలో చిన్న పాదమువంటి భాగ మొకటి గలదు. దాని చదునైన ముఖము పోగున కంటుకొనును. దానికి సన్నని త్రాడువంటి భాగముతో కోతభాగము తగిలి యుండును. ఒక రకపు ఎంజైములో ఈ కోతభాగమున తెరచిన గాడి యుండును; అది దండను నడుమనే తెంచును. మరియొక రకమున సొరంగముండును. దాని పొడవు సెంటీమీటరులో సుమారు 20 లక్షలవ వంతు. సూదిబెజ్జములో దారము దూరినట్లు దండకొన అందులో దూరి, ముందుకు జరిగినకొలది రెండేసి గ్లూకోజులుగా తెగుచుండును. మొదటి రకము క్రొత్త కొనలను కల్పించును. రెండవది వానిని పట్టుకొనును. రెండును కూడినపుడే నాశనము త్వరితముగ సాగును.

ఇదే ఎంజైమును మితముగ వాడి మిల్లులలో గుడ్డపై నూగు తీయుదురు. మోతాదు మించినచో గుడ్డయే బలహీనమగును.

మనము గుర్తింపవలసిన దొకటి గలదు. ప్రతి కోతకును ఒక నీటి అణువు కావలెను; బూజు పెరుగుటకును తేమ కావలెను. కావున నూలును బల్లలమీద, గోడకు ఎడముగ ఉంచవలెను. గంజి బూజునకు మరింత సులభమైన ఆహారము గనుక, గంజిపెట్టిన పడుగు పూర్తిగ ఆరనిదే చుట్టరాదు. రంగునూలును గాలి తగులు నీడను ఆరబెట్టవలెను. తెగిన దండను తిరిగి కూర్చు ఉపాయము లేదు. తేమను తొలగించుట మాత్రము మన చేతిలోని పని.